కుప్పలో కొలిమి

ఆకు, అలము, గడ్డి, కంప ఎరువయ్యేలోపు ఆ కుప్పలో ఎవరెవరు వచ్చి పోతారు? సీసాల్లో అమ్మే సూక్ష్మజీవుల్ని కొనాల్సిందేనా?

1970లో జపాన్‌లోని ఒసాకాలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. సందడి ముగిశాక ఆ స్థలం పెద్ద ఉద్యానవనమైంది. చెట్లు పెరిగాయి, ఆకులు రాలాయి, కొమ్మలు కత్తిరించాల్సి వచ్చింది. ఆ ఆకులూ కొమ్మలూ కుప్పబోసి ఎరువు చేస్తారు. ఒసాకా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ ఎరువు కొంత పట్టుకెళ్ళి, అందులోని జీవుల్ని ఒక్కొక్కటిగా పెంచే పని పెట్టుకోకుండా, మొత్తం డీఎన్‌ఏని గంపగుత్తగా బయటికి తీసి వెతికారు. అందులో ఒక ఎంజైము తాలూకు జన్యువు దొరికింది. మంచినీళ్ళ సీసాలు తయారయ్యే పెట్ ప్లాస్టిక్‌ని ఆ ఎంజైము కత్తిరిస్తోందని 2012లో ప్రకటించారు. దానికే కొన్ని మార్పులు చేసిన ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు, 72 డిగ్రీల సెల్సియస్ వేడిలో 10 గంటల్లో 90 శాతం పెట్‌ని మూల పదార్థాలుగా విడగొట్టగలిగామని 2020లో 'నేచర్' పత్రికలో రాశారు.

ఆకుల కుప్పకి ప్లాస్టిక్‌తో ఏం పని? ఏ పనీ లేదు. తేమ ఆరిపోకుండా ఆకు తన ఒంటి మీద ఒక మెరిసే పొర కప్పుకుంటుంది. ఆ పొరలో క్యూటిన్ అనే పదార్థం ఉంటుంది. రసాయన నిర్మాణాన్ని బట్టి చూస్తే అదీ ఒక పాలిస్టరే. ఆకుని తినాలంటే ముందు ఆ తొడుగు చింపాలి కాబట్టి, కుప్పలోని ఏదో జీవి ఆ పనికి పనిముట్టు తయారు చేసుకుంది. మనిషి నిన్న గాక మొన్న నేర్చిన పాలిస్టర్ మీద కూడా అది పనిచేసింది. తమాషా ఏమిటంటే, శాస్త్రవేత్తల చేతికి చిక్కింది జన్యువే గానీ, దాని సొంతదారు కాదు.

ఒసాకా దాకా పోనక్కర్లేదు. పుష్యమాసపు చలిలో పొద్దున్నే పెంటకుప్పని పారతో తిరగేస్తే ఆవిరి లేస్తుంది. కుప్ప నడుమకి గునపం గుచ్చి పావుగంట ఉంచి, లాగి పట్టుకు చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే లోపల పని జోరుగా సాగుతోందన్నమాట. థర్మామీటరు లేని రైతుకి ఇదే థర్మామీటరు.

ఆ వేడి ఎండది కాదు. అది సూక్ష్మజీవుల ఊపిరి. మన ఒళ్ళు వెచ్చగా ఉండటానికి ఏది కారణమో దానికీ అదే కారణం. చక్కెరని ప్రాణవాయువుతో మండించినప్పుడు వచ్చే శక్తిలో సగానికన్నా తక్కువే జీవి వాడుకోగలదు, మిగిలింది వేడిగా బయటపడుతుంది. విడిగా పడి ఉన్న ఆకు మీద బ్యాక్టీరియా ఊపిరి పీల్చినా ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుకి తగ్గని కుప్ప వేస్తే లోపలి వేడి బయటి చెత్తని దాటి పోలేక నిలుస్తుంది. పెరట్లో రెండు బుట్టల ఆకులు మూలన పోసి 'ఏమిటో, ఎరువు కావట్లేదు' అనుకునేవాళ్ళకి మొదటి జవాబు ఇక్కడే ఉంది.

పచ్చి గడ్డితో వామి వెయ్యకూడదన్న జాగ్రత్త వెనకా ఇదే సంగతి. తడి గడ్డిని ఒత్తుగా పేర్చితే సూక్ష్మజీవులు దాన్ని 70 డిగ్రీల దాకా తీసుకుపోతాయి. ఆపైన అవి చచ్చినా, రాజుకున్న రసాయన చర్యలు తమంతట తాము సాగి, ఒక్కోసారి వామి అంటుకుంటుంది. జర్మనీలో హ్యూగో మీహే అనే శాస్త్రవేత్త 1907లో ఎండుగడ్డి తనంత తాను వేడెక్కడం మీదే ఒక పుస్తకం రాశాడు. వేడిలో బతికే బూజుల గురించిన శాస్త్రానికి అది పునాది రాళ్ళలో ఒకటి. మన దేశంలో ఆ పనిని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రమేశ్ మహేశ్వరి ఏళ్ళ తరబడి కొనసాగించారు.

నోరు లేని తిండి

సూక్ష్మజీవికి నోరు లేదు, పళ్ళు లేవు. గడ్డిపోచ దానికన్నా వేల రెట్లు పెద్దది. మరెలా తింటుంది? ఎంజైముల్ని ఒంట్లోంచి బయటికి వదులుతుంది. జీర్ణమయ్యేదంతా బయటే జీర్ణమై, కరిగిన చక్కెరని లోపలికి పీల్చుకుంటుంది. గడ్డిలో అన్నిటికన్నా పెద్ద వాటా సెల్యులోజ్‌ది. అదీ చక్కెర గొలుసే, కాకపోతే మన పొట్ట విప్పలేని గొలుసు. దాన్ని విప్పడానికి మూడు రకాల ఎంజైములు కావాలి. ఒకటి గొలుసుని నడుమ తెంపుతుంది, ఇంకొకటి కొసల నుంచి రెండేసి ముక్కలు ఊడదీస్తుంది, మూడోది ఆ జంటని విడదీసి గ్లూకోజ్ చేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు గుడారాలు చివికిపోతుంటే ఆరా తీసిన శాస్త్రవేత్తలకి సాలమన్ దీవుల నుంచి ఒక ట్రైకోడెర్మా బూజు దొరికింది. ఇవాళ పరిశ్రమల్లో వాడే సెల్యులోజ్ ఎంజైముల్లో చాలా భాగం దాని సంతతి నుంచే వస్తోంది. దాని దగ్గరి బంధువు ట్రైకోడెర్మా విరిడినే మన రైతులు ఎండు తెగులు రాకుండా వేపపిండి, పశువుల ఎరువు కలిపి పొలంలో చల్లుతున్నారు.

తిండి బయటే జీర్ణం కావాలి కాబట్టే కుప్పకి తడి కావాలి. ఎంజైము కదలాలన్నా, కరిగిన చక్కెర జీవిని చేరాలన్నా గడ్డిపోచ మీద పల్చటి నీటి పొర ఉండాలి. బరువులో సగం నుంచి అరవై శాతం దాకా తేమ ఉంటే బాగుంటుంది. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడాలి. చుక్కే లేకపోతే ఎండింది. ధార కడితే నీళ్ళు గాలి ఉండాల్సిన చోటుని ఆక్రమించాయి. అప్పుడు కుప్ప వేరే వాళ్ళ చేతుల్లోకి పోతుంది.

ఆ వేరే వాళ్ళు గాలి అక్కర్లేని బ్యాక్టీరియా. వాళ్ళూ కుళ్ళబెడతారు, కానీ నిదానంగా, కంపు కొడుతూ. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చిందంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆఖరికి మీథేన్ కూడా వస్తుంది. డ్రమ్ములో బంధించి పట్టుకుంటే అదే వంటగ్యాసు. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో మిగిలిపోయిన, కుళ్ళిన కూరగాయలతో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) పరిజ్ఞానంతో నడిచే ప్లాంటు రోజుకి 10 టన్నుల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తుంది. అంటే ఆ బ్యాక్టీరియా చెడ్డవేమీ కావు. వాటి చోటు మూతపెట్టిన ట్యాంకులో, ఆరుబయట కుప్పలో కాదు.

వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు

కుప్ప వేసిన తొలిరోజు పనికి దిగేది మామూలు వేడిలో బతికే బ్యాక్టీరియా, బూజులు. ఎక్కడి నుంచో రావు, ఆకు మీదే ఉంటాయి. చక్కెర, పిండి, మాంసకృత్తులు, అంటే సులువుగా దొరికే తిండి, వీటి వంతు. అవి తింటుంటే పుల్లటి ఆమ్లాలు పుడతాయి, వేడి పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో 45 డిగ్రీలు దాటుతుంది. తాము పుట్టించిన వేడికి తామే తట్టుకోలేక అవి వెనక్కి తగ్గుతాయి. కొన్ని విత్తనం లాంటి గట్టి బీజాలుగా మారి ఓ మూల పడి ఉంటాయి.

అక్కడి నుంచి వేడిని ఇష్టపడేవాళ్ళ రాజ్యం. అంతదాకా నిద్రపోయిన బాసిల్లస్ జాతులు, జియోబాసిల్లస్‌లు లేస్తాయి. థెర్మోమైసిస్ లానుగినోసస్ అనే బూజు 50 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. అయితే 60 దాటాక ఏ బూజు వల్లా కాదు. శిలీంద్రాలకి అదే గడప. ఆపైన బ్యాక్టీరియాదే పని, వాటిలోనూ కొన్నింటిదే. 1996లో స్విట్జర్లాండ్ పరిశోధకులు 60 నుంచి 80 డిగ్రీల కుప్పల్లోంచి థెర్మస్ అనే బ్యాక్టీరియాని వేరుచేశారు. అది అప్పటిదాకా వేడినీటి బుగ్గల్లో ఉండేదని పేరు. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షలో డీఎన్‌ఏని నకళ్ళు తీసిన ఎంజైము మొదట దొరికింది దీని దాయాదిలోనే. అమెరికాలోని ఎల్లోస్టోన్ బుగ్గల నుంచి దాన్ని తెచ్చారు. దాని చుట్టం మన పెరటి చెత్తలోనూ ఉండొచ్చునంటే ముచ్చటగానే ఉంది.

ఈ వేడి దశ పనికిరాని ఆర్భాటం కాదు. కలుపు విత్తనాలు, తెగులు బీజాలు, పేడలోని పురుగుల గుడ్లు చచ్చేది ఇప్పుడే. అమెరికా పర్యావరణ సంస్థ లెక్కలో, మూసిన పాత్రలో అయితే 55 డిగ్రీలు మూడు రోజులు నిలవాలి. ఆరుబయట వరస కుప్పల్లో అయితే 15 రోజులు నిలవాలి, ఆ లోపు కనీసం 5 సార్లు తిరగెయ్యాలి. ఎందుకు తిరగెయ్యాలంటే, కుప్ప నడుమ 60 ఉన్నప్పుడు అంచుల్లో 30 ఉంటుంది. అంచున ఉన్న గరిక గింజ క్షేమంగా ఉంటుంది. తిరగేస్తే అంచు నడుమకి వస్తుంది. వయ్యారిభామని మాత్రం ఈ భరోసాతో గింజ కట్టాక కుప్పలో వెయ్యకండి. పూతకి రాకముందే పీకి వేస్తే అది మంచి పచ్చి మేత, కుప్పకి సుమా, పశువుకి కాదు.

వేడి మరీ ఎక్కువైనా నష్టమే. 65, 70 దాటితే పనిచేసేవాళ్ళే తగ్గిపోతారు. నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. ముక్కు మండే వాసన వస్తే డబ్బు గాలిలో కలుస్తున్నట్టే.

తిండి తరిగాక కుప్ప చల్లబడుతుంది. అంచుల్లో దాక్కున్న బూజులు మళ్ళీ లోపలికి పాకుతాయి. అప్పుడే పై నుంచి అరడుగు లోతున గడ్డి మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొడి కనబడుతుంది. ఎరువు కాలిపోయిందేమోనని కొందరు భయపడతారు. అవి యాక్టినోమైసీట్లు. బ్యాక్టీరియాలే, కానీ బూజులాగా పోగులు సాగుతాయి. మిగతావాళ్ళు వదిలేసిన గట్టి పదార్థాల మీదే వాటి బతుకు. తొలకరి చినుకు పడ్డప్పుడు మట్టి వాసన వస్తుందే, అది వీటి చలవే. ఆ వాసనకి కారణమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని 1965లో వేరుచేశారు. లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మనిషి ముక్కు పసిగడుతుంది.

తిండి కోసం పోటీ పడే చోట ఆయుధాలూ ఉంటాయి. మందుల దుకాణంలో దొరికే యాంటీబయోటిక్‌లలో పెద్ద వాటా ఈ యాక్టినోమైసీట్లది. క్షయకి మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ చేతిలో బయటపడింది. వాక్స్‌మన్ అంతకుముందు ఏం చేసేవాడో తెలుసా? ఆకులు కుళ్ళడం గురించి, హ్యూమస్ గురించి ఏళ్ళ తరబడి పరిశోధించాడు, 1936లో దాని మీద లావుపాటి పుస్తకం రాశాడు. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి పెద్దగా ఉండగా, బెంజమిన్ డగ్గర్ అమెరికాలోని మిస్సోరీ పొలం మట్టిలో దొరికిన ఇలాంటి జీవి నుంచే ఆరియోమైసిన్ తీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది, అదే ఏడు సుబ్బారావు కన్నుమూశారు. మట్టి వాసనా, ఆరియోమైసిన్ లాంటి టెట్రాసైక్లిన్ మందులూ ఒకే ఇంటివి.

ముప్పైకి ఒకటి

ఎరువు పుస్తకాలన్నీ కర్బన-నత్రజని నిష్పత్తి అని ఒక మాట చెప్పి, 25 నుంచి 30 ఉండాలని చెప్పి ఊరుకుంటాయి. ఎందుకని అడిగితే జవాబు సులువైనదే. సూక్ష్మజీవి ఒంట్లో ఒక వంతు నత్రజనికి సుమారు పది వంతులకి మించని కర్బనం ఉంటుంది. తిన్న కర్బనంలో మూడింట రెండు వంతులు ఊపిరిగా పోతుంది. అంటే ముప్పై తింటే ఇరవై గాలిలోకి, పది ఒంటికి. ఆ పదికి తోడు ఒక నత్రజని. అంతే లెక్క.

వరిగడ్డిలో ఈ నిష్పత్తి సుమారు 70. రంపపు పొట్టులో కొన్ని వందలు. పేడలో ఇరవై చిల్లర. గ్లైరిసీడియా, జీలుగ లాంటి పచ్చి రొట్టలో ఇంకా తక్కువ. కాబట్టి ఉత్త గడ్డి కుప్ప వేస్తే ఏళ్ళు పడుతుంది. ఉత్త పచ్చి రొట్ట వేస్తే నాలుగు రోజుల్లో జిగురు ముద్దై అమ్మోనియా కంపు కొడుతుంది. రెండూ పొరలు పొరలుగా కలిపితే సరి. మాగని ఎండుగడ్డిని పొలంలో నేరుగా కలియదున్నినప్పుడు పైరు పసుపెక్కడానికీ ఇదే కారణం. గడ్డిని తినబోయిన సూక్ష్మజీవులకి నత్రజని చాలక మట్టిలోది లాక్కుంటాయి, పైరు పస్తులుంటుంది. అవి చచ్చాక ఆ నత్రజని తిరిగి వస్తుంది. కానీ అప్పటికి పైరుకి ఆకలి తీరే వేళ దాటి ఉంటుంది.

కుప్ప బరువు సగానికి తగ్గడం చూసి ఎరువు పోయిందనుకోకూడదు. పోయింది ఊపిరీ, ఆవిరీ. మిగిలినదానిలో ఆకు శేషం కొంతే. మిగతాది సూక్ష్మజీవుల కళేబరాలు, అవి వదిలినవి, అవి సగం తిని వదిలేసిన లిగ్నిన్ అనే గట్టి పదార్థం. మనం పొలానికి తోలేది చెత్త రూపం మార్చుకున్నది కాదు, చెత్తని తిని చచ్చినవాళ్ళని.

ఇండోర్ నుంచి మన పెంటపోగు దాకా

ఆల్బర్ట్ హోవర్డ్ 1905లో ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్తగా బిహార్‌లోని పూసాకి వచ్చాడు. 1924లో ఇండోర్‌లో సంస్థ పెట్టి, యశ్వంత్ వాడ్‌తో కలిసి అక్కడి పొలాల వ్యర్థాలతో ఎరువు చేసే పద్ధతిని తీర్చిదిద్దాడు. 1931లో ఇద్దరూ దాన్ని పుస్తకంగా వేశారు. పత్తికట్టె, చొప్ప లాంటివి ఎడ్ల కింద పరిచి తొక్కించడం, ఉచ్చ ఇంకిన మట్టిని కలపడం, పల్చటి గోతిలో వదులుగా పరవడం, మూడు సార్లు తిరగెయ్యడం, మూడు నెలల్లో ఎరువు. కట్టెని ఎడ్ల చేత తొక్కించడం ఊరికే కాదు. నలిగితే సూక్ష్మజీవులు దిగడానికి చోటు పెరుగుతుంది. 1935 ఏప్రిల్‌లో హిందీ సాహిత్య సమ్మేళనానికి ఇండోర్ వెళ్ళిన గాంధీ ఈ సంస్థని చూసి వచ్చారు. 'హరిజన్'లో ఈ పద్ధతిని గురించి రాశారు కూడా.

ఇండోర్ పద్ధతికి మనుషులు కావాలి, తిరగెయ్యడానికి ఓపిక కావాలి. 1939 ప్రాంతంలో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య దీనికి వేరే దారి చూపాడు. పట్టణపు చెత్తా మలమూ పొరలుగా గోతిలో వేసి పైన మట్టి మెత్తేసి వదిలెయ్యడం. తిరగెయ్యక్కర్లేదు. తొలి వారం తరువాత గాలి అయిపోతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. అయితేనేం, నత్రజని నష్టం తక్కువ. నాడెప్ తొట్టె ఈ రెండింటికీ మధ్యది. తిరగెయ్యాల్సిన పని లేకుండా ఇటుక గోడలో కంతలు వదిలి గాలిని రానిస్తారు.

మరి మన ఊళ్ళలో పెంటపోగు? రోజూ పేడ, ఊడ్చిన చెత్త, పశువులు తినగా మిగిలిన గడ్డి, పొయ్యి బూడిద తెచ్చి అదే చోట వేస్తాం. పైన ఎండుతుంది, కింద ముద్దవుతుంది. వానాకాలంలో సారమంతా నల్లటి నీరుగా వీధి కాలువలోకి పోతుంది. ఏరువాకకి ముందు బండ్ల మీద తోలేదాంట్లో కొంత మాగిందీ, కొంత పచ్చిదీ. పచ్చిది వేసినచోట చెదలూ వేరుపురుగూ లేస్తాయి. కొబ్బరి తోటల్లో దీని నష్టం ఇంకా ఎక్కువ. మొవ్వుని తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఎక్కువగా పెంటపోగులోనే. దానికి విరుగుడుగా పెంటలో కలపమనేది కూడా ఒక శిలీంద్రాన్నే. మెటారైజియం పట్టిన పురుగు ఒంటి మీద పచ్చటి బూజు కప్పుకుని చస్తుంది.

బూడిద సంగతి వేరుగా చెప్పాలి. క్షారగుణం ఉన్న బూడిద పేడలో ఎక్కువ కలిస్తే నత్రజని అమ్మోనియాగా లేచిపోతుంది. కొద్దిగా వేస్తే పులుపు విరుగుతుంది, హోవర్డ్ కూడా కొద్దిగా వేశాడు. తట్టలకొద్దీ వెయ్యడమే తప్పు. బూడిద విడిగా దాచి పొలంలో చల్లుకోవచ్చు. పోగు పక్కనే రెండు గోతులు తవ్వి, ఒకటి నిండాక రెండోది మొదలుపెట్టి, నిండినదానికి మట్టి మెత్తి ఆరు నెలలు ఆపితే ఖర్చు లేకుండానే పచ్చి ఎరువు బాధ తప్పుతుంది. ఈ సలహా కొత్తది కాదు, అయినా మన ఊళ్ళలో రెండో గొయ్యి అరుదు.

సీసాలో ఏముంది

ఇప్పుడు ఏ ఎరువుల దుకాణానికి వెళ్ళినా చెత్తని ఎరువు చేసే సీసాలు, పొట్లాలు, గుళికలు దొరుకుతాయి. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం ఇచ్చిన 20 రూపాయల వేస్ట్ డికంపోజర్ సీసా రెండు కిలోల బెల్లంతో 200 లీటర్ల నీళ్ళలో పెరిగి ఊళ్ళు తిరిగింది. అది రాకముందు నుంచీ జీవామృతం ఉంది. పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, గుప్పెడు మట్టి వేసి 48 గంటలు కలియబెడతారు. రెండిటి సూత్రమూ ఒకటే. తీపి తిండి పెడితే సూక్ష్మజీవులు పెరుగుతాయి.

పెరిగాక వాటికి కుప్పలో పని దొరుకుతుందా అన్నదే ప్రశ్న. పేడ కలిసిన కుప్పలో గ్రాముకి వంద కోట్ల దాకా బ్యాక్టీరియా అప్పటికే ఉంటాయి. అక్కడి వేడికీ పులుపుకీ పోటీకీ అలవాటు పడ్డవి అవి. బయటి నుంచి వచ్చిన కొత్తవాళ్ళు ఆ గుంపులో నిలదొక్కుకోవడం కష్టం. కుప్ప మాగకపోవడానికి నూటికి తొంభై పాళ్ళు కారణం తడి లేకపోవడమో, గాలి ఆడకపోవడమో, గడ్డికి తగిన పేడ కలవకపోవడమో అయి ఉంటుంది. సూక్ష్మజీవులు లేకపోవడం అరుదు. సీసా తెచ్చి చల్లినవాళ్ళకి మంచి ఫలితం వచ్చిందంటే, చల్లడానికి కలిపిన 200 లీటర్ల నీళ్ళదీ, దాంతోపాటు కుప్ప తిరగేసిన పారదీ ఆ పుణ్యం అయి ఉండొచ్చని నా అనుమానం. జీవామృతం మిత్రులకి కోపం రావచ్చు. పొలంలో ఆచ్ఛాదన మీద దాని పని వేరు, ఇక్కడ మాట్లాడుతున్నది కుప్ప గురించి. హోవర్డ్ కూడా కొత్త గోతిలోకి పది పదిహేను రోజుల కిందటి గోతిలోంచి బూజు పట్టిన ఎరువు కొంత తెచ్చి వేసేవాడు. పక్క కుప్పలో గంపెడు దొరికేదానికి దుకాణానికి ఎందుకు పోవడం?

అలాగని కొన్న సూక్ష్మజీవి ఎక్కడా అక్కర్లేదనడం లేదు. కోనసీమ చూడండి. కొబ్బరి పీచు తీసే మిల్లుల పక్కన గుట్టలుగా పడి ఉండే పొట్టులో మూడో వంతు దాకా లిగ్నిన్. చెట్టుకి నిలువునా బలమిచ్చే పదార్థం అది, సెల్యులోజ్ లాగా క్రమమైన గొలుసు కాదు, చిక్కుపడిన వల. పట్టుకుని విడదీయడానికి ఒక కొస అంటూ ఉండదు. దాన్ని ఛేదించగలిగినవి ప్రధానంగా తెల్లకుళ్ళు శిలీంద్రాలు. వాటి లిగ్నిన్ పెరాక్సిడేజ్ ఎంజైముని 1983లో అమెరికాలో కనుక్కున్నారు. అది సూటిగా కొయ్యదు, లిగ్నిన్‌ని ఆక్సీకరించి అదే విడిపోయేట్టు చేస్తుంది. అలాంటి శిలీంద్రాలు పొట్టు గుట్టలో తమంతట తాము తగినన్ని రావు. అందుకే కాయిర్ బోర్డు పద్ధతిలో టన్ను పొట్టుకి 5 కిలోల యూరియా, ముత్యపు పుట్టగొడుగు విత్తనం పొరలుగా వేస్తారు. 112 ఉన్న కర్బన-నత్రజని నిష్పత్తి 24కి దిగుతుంది. వరిగడ్డి మీద మనం పెంచి కూర వండుకునే పుట్టగొడుగు జాతే ఇది. యూరియా ఎందుకో ముప్పైకి ఒకటి లెక్క తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

కొయ్యకాళ్ళ విషయంలో నాకు ఇంత ధీమా లేదు. కోత యంత్రం వచ్చాక గడ్డి పొలంలోనే చిందరవందరగా పడుతోంది, అగ్గిపుల్ల చవక. ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ శిలీంద్రాలతో చేసిన పూసా డికంపోజర్ గుళికల్ని 2020 నుంచి అక్కడి పొలాల మీద పిచికారీ చేశారు. బెల్లం, శనగపిండి వేసి పెంచుకోవాలి. గడ్డి చివకడానికి 20 నుంచి 25 రోజులు పడుతుంది. వరి కోసి గోధుమ వెయ్యడానికి పంజాబ్ రైతుకి ఉన్నది దాదాపు అంతే సమయం. మన దగ్గర యాసంగి వరి ఏప్రిల్, మే నెలల్లో కోతకొస్తుంది. నేల నెర్రెలిచ్చి, గాలి వడగాడ్పై ఉంటుంది. తడి లేనిచోట ఎంజైము కదలదని మొదటే చెప్పుకున్నాం. ఆ ఎండలో ఏ సీసా ఏం చేస్తుంది? వర్షం పడి, దమ్ము చేసేటప్పుడు ఎకరాకి 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నమని మన వ్యవసాయ అధికారులు చెబుతూ వచ్చిన మాటే ఇక్కడ పనికొస్తుంది. కాకపోతే వానల దాకా గడ్డిని పొలంలో ఉంచే ఓపిక కావాలి. లేదా చుట్టి పశువులున్న ఊరికి పంపే యంత్రం అద్దెకి దొరకాలి. అది సూక్ష్మజీవుల చేతిలో లేని పని.

ఇక ఇంట్లో, పొలంలో ఎరువు చేసుకున్నవాళ్ళు అది మాగిందో లేదో చూసుకోవడం ఎలా? తిరగేసినా కుప్ప మళ్ళీ వేడెక్కకూడదు. వేసిన ఆకు ఏదో గుర్తు తెలియకూడదు. పట్టణ కంపోస్టుకి ప్రభుత్వ ప్రమాణం ప్రకారం కర్బన-నత్రజని నిష్పత్తి 20కి మించకూడదు. దాన్ని ప్రయోగశాలలోనే కొలవాలి గానీ, ఒక సులువైన పరీక్ష ఉంది. గుప్పెడు ఎరువు తడిపి ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా కట్టి మూడు నాలుగు రోజులు నీడలో ఉంచి విప్పండి. మట్టి వాసన వస్తే పొలానికి తోలవచ్చు. పుల్లటి కంపు గానీ, ముక్కు మండే అమ్మోనియా గానీ వస్తే మళ్ళీ కుప్పబోసి, తడిపి, ఇంకో నెల ఆగండి.